మెట్ల కింద ఐదు కుక్కపిల్లలు, ఒక్కటి మాత్రం ఇంకా కళ్లు తెరవలేదు

కుట్టుమిషన్_హన్మకొండ (డిసెంబర్ 24)

అందరికీ నమస్తే. నేను హన్మకొండలో ఇంట్లోనే బ్లౌజులు, డ్రెస్సులు కుడతాను. కింద పోర్షన్ మాది, పైన ఓనర్ ఆంటీ వాళ్లు ఉంటారు. మెట్ల కింద ఖాళీ సిలిండర్లు పెట్టే జాగాలో మా గల్లీ కుక్క ఈ నెల 12న రాత్రి ఐదు పిల్లల్ని పెట్టింది. కర్రి అని పిలుస్తాం దాన్ని. ఎవరినీ ఒక్కమాట అనదు, పాలప్యాకెట్ అబ్బాయిని తప్ప.

గుర్తుపట్టడానికి పేర్లు పెట్టుకున్నాను. గోధుమరంగు లావుది లైనింగ్. నల్లగా ఉండి కాళ్ల దగ్గర తెల్ల అంచు ఉన్నది ఫాల్. మెడ చుట్టూ సన్నటి తెల్ల గీత ఉన్నది పైపింగ్. తోక వంకరగా ఉన్నది హుక్కు. అన్నిటికన్నా చిన్నది గుండీ. మా అత్తమ్మ "కుక్కలకు కూడా షాపు పేర్లేనా" అని నవ్వుతుంది కానీ ఆమె కూడా అవే పేర్లతో పిలుస్తోంది.

నా టెన్షన్ ఏమిటంటే, నిన్నా ఇవాళ నాలుగు పిల్లలు కళ్లు తెరిచాయి, గుండీ తెరవలేదు. అది ఏడవదు, పాలు తాగుతుంది, కానీ మిగతావి దాన్ని తోసేస్తాయి. ఇంకొకటి, అన్నీ నిద్రలో కాళ్లు కొట్టుకుంటాయి, మూతి అదురుతుంది. ఫిట్స్ కావు కదా? కర్రి మొన్నటిదాకా కదిలేది కాదు, ఇప్పుడు గంటా గంటన్నర బయటికి పోయి వస్తోంది. వదిలేస్తుందేమోనని భయం. ఓనర్ ఆంటీ బర్రెపాలు దూదితో తాగించమంటోంది. తాగించవచ్చా? పిల్లలకు మెడలో రంగు దారాలు కడదామనుకుంటున్నాను, నా దగ్గర దారాలకేం కొదువ లేదు.

సంక్రాంతి ముందు కాబట్టి ఊపిరాడని పని. అయినా మిషన్ మీంచి లేచి లేచి చూసి వస్తున్నాను.


రిటైర్డ్_కాంపౌండర్ (డిసెంబర్ 24)

అమ్మా, నేను డాక్టర్ను కాను. జగిత్యాల వైపు పశువుల దవాఖానలో కాంపౌండర్‌గా చేసి రిటైరైనవాణ్ని. చూసింది చెబుతాను, మందుల డోసు మాత్రం డాక్టరునే అడగండి.

కళ్ల సంగతి ముందు. పుట్టిన 10 నుంచి 14 రోజుల మధ్య తెరుస్తాయి, ఒకటి రెండు రోజులు అటూ ఇటూ. ముక్కు వైపు మూల నుంచి సన్నగా చీలిక మొదలవుతుంది, పూర్తిగా విచ్చుకోవడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. తడిగుడ్డతో తుడుస్తూ తెరిపించే ప్రయత్నం చేయొద్దు. మూసిన రెప్ప కింద ఉబ్బుగా కనిపించినా, మూలలో చీము కనబడినా ఆ పూటే దవాఖానకు తీసుకుపోండి, రేపటికి ఆగొద్దు. అవేవీ లేకపోతే గుండీకి ఇంకో రెండు మూడు రోజులు ఇవ్వండి. తెరిచినా వెంటనే ఏమీ కనబడదు. నీలంగా పొర కమ్మినట్టు ఉంటాయి కళ్లు, అది గుడ్డితనం కాదు.

నిద్రలో అదరడం మంచి లక్షణం. ఈ వయసులో రోజులో పదింట తొమ్మిది వంతులు నిద్రే, ఆ నిద్రలోనే కండరాలు పని నేర్చుకుంటాయి. అదరకుండా సోలిపోయి పడుంటేనే నాకు భయం.

తల్లి బయటికి పోవడం కూడా మామూలే. మొదట్లో పిల్లల్ని నాకకపోతే అవి ఒంటికీ రెంటికీ కూడా పోలేవు, అందుకే కదలదు. రెండో వారం నుంచి దానికీ కాస్త గాలి కావాలి. తల్లి లేనప్పుడు పిల్లలు ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోతూ ఉంటే, పొట్టలు గుండ్రంగా ఉంటే, మీరు మిషన్ మీదకు పోయి కూర్చోండి. ఆగకుండా సన్నగా ఏడుస్తుంటే మాత్రం ఆకలో చలో.

చలిని తక్కువ అంచనా వేయొద్దు. రెండు మూడు వారాలదాకా వాటికి ఒంటి వేడిని నిలుపుకోవడం సరిగా రాదు. డిసెంబర్ రాత్రుళ్లు బండ మీద పడుకోబెడితే పాలు తాగినా అరగవు. కింద గోనెసంచి, దాని మీద నూలు గుడ్డ వేయండి. మీ దగ్గర కటింగ్ ముక్కలు ఉంటాయి కదా, పోగులు ఊడేవి మాత్రం వద్దు, కాళ్లకు చుట్టుకుంటాయి. అందుకే మెడలో దారం కూడా వద్దమ్మా. వారానికే మెడ లావెక్కుతుంది, దారం లోపలికి దిగుతుంది. ఒక్కో పిల్లకు ఒక్కో కాలి గోటికి నెయిల్ పాలిష్ పెట్టండి, చాలు.

బర్రెపాలు ఇవ్వొద్దు. తల్లి దగ్గర పాలున్నప్పుడు ఏ పాలూ వద్దు. కుక్క పాలలో మాంసకృత్తులు ఆవుపాలలో కన్నా రెట్టింపు పైనే ఉంటాయి, పాల చక్కెర తక్కువ. బయటి పాలతో విరేచనాలు పట్టుకుంటే ఇంత చిన్న పిల్లకు ఒక్కరోజు చాలు ప్రాణం మీదకు రావడానికి. దూదితో, డ్రాపర్‌తో వెల్లకిలా పట్టుకుని పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పాలు పిల్లకు కాదు, తల్లికి కావాల్సిన తిండి పెట్టండి. పిల్లలు మూడు నాలుగు వారాల వయసుకొచ్చేసరికి అది మామూలుకన్నా రెండు మూడింతలు తింటుంది. అన్నంలో గుడ్డు, చికెన్ షాపులో దొరికే లివరు, కందనకాయ ఉడికించి కలపండి. ఉప్పూ మసాలా ఉల్లిగడ్డా వద్దు, ఉడికిన బొక్కలు అసలే వద్దు.

గుండీ కోసం ఒక పని చేయండి. కర్రి పడుకున్నప్పుడు మిగతా నాలుగింటినీ కాసేపు పక్కన గుడ్డలో పెట్టి, గుండీని వెనక చన్నుకు అందించండి. పాలు సాధారణంగా వెనక ఎక్కువ. రోజూ ఒకే వేళకు తూచి రాసుకోండి. కంటితో చూస్తే అన్నీ పెరుగుతున్నట్టే ఉంటాయి, కాంటా అబద్ధం చెప్పదు. ఒకరోజు పెరగకపోతే గమనించండి, రెండో రోజు తగ్గితే దవాఖాన.


శాంతినగర్_వాసి (డిసెంబర్ 25)

ఇవన్నీ ఎందుకండీ, మున్సిపాలిటీకి ఒక్క ఫోన్ కొడితే బండి వచ్చి తీసుకుపోతుంది. ఇప్పుడు ముద్దొస్తాయి, ఆరు నెలల తర్వాత బైకుల వెంట పడేది ఇవే.


బాల్కనీ_బౌబౌ (డిసెంబర్ 25)

అన్నా, అలా ఎక్కడికో తీసుకుపోవడం ఉండదు. 2023 ఏబీసీ రూల్స్, అంటే వీధి కుక్కల సంతాన నియంత్రణ నిబంధనల ప్రకారం, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టుకున్న చోటే వదలాలి. బైకుల వెంట పడకూడదంటే ఈ తల్లికి ఆపరేషన్ చేయించడమే దారి. అక్కా, పాలు మాన్పించాక అది చేయించండి, వచ్చే చిత్తకార్తె దాకా ఆగొద్దు. మన దగ్గర చాలా కుక్కలు ఆ కార్తెలోనే కడతాయి, అక్టోబర్‌లో కలిస్తే 63 రోజులకు డిసెంబర్, మీ కర్రి లెక్క కూడా అదే. హైదరాబాద్‌లో మా కాలనీలో జనవరి వచ్చిందంటే ప్రతి కారు కిందా పిల్లలే.

మెట్ల దగ్గర చెప్పుల స్టాండ్ ఉందా? ఉంటే ఇవాళే గేటు దగ్గరికి జరపండి. కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో వైరస్ చెప్పులకు అంటుకుని వస్తుంది, మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. మీకు కస్టమర్లు కూడా ఎక్కువ.


కుట్టుమిషన్_హన్మకొండ (డిసెంబర్ 28)

ముందు మంచి కబురు. గుండీ కళ్లు తెరిచింది. ఎడమది ముందు, కుడిది మర్నాడు. చీమూ వాపూ ఏమీ లేవు.

పక్కింట్లో పచ్చళ్లు అమ్మే వదిన దగ్గర డిజిటల్ కాంటా ఉంది. పచ్చళ్ల గిన్నెలో కుక్కపిల్లను పెడితే ఊరుకోదు కదా, నా బట్టల డబ్బా మూత తీసుకుపోయాను. ఇవాళ లైనింగ్ 910 గ్రాములు, ఫాల్ 870, హుక్కు 820, పైపింగ్ 790, గుండీ 560. మొదటిరోజు తూచినప్పుడు గుండీ 430 ఉండేది. సార్ చెప్పినట్టు వెనక చన్నుకు పెడుతున్నాను. కర్రి ఒక కన్ను తెరిచి నన్ను చూసి మళ్లీ మూసుకుంటుంది, అంతే.

చెప్పుల స్టాండ్ జరిపాను. ఓనర్ ఆంటీకి కోపం వచ్చింది, చెప్పులు పోతాయట.

శాంతినగర్ అన్నగారూ, మీ మాటకు బాధపడలేదు. మా గల్లీలోనూ సగం మంది అదే అంటున్నారు.


జువాలజీ_చదువు (డిసెంబర్ 29)

అక్కా, మీ పోస్టులు చదువుతుంటే మా క్లాసులో చెప్పిన పరిశోధన గుర్తొచ్చింది. ఐసర్ కోల్‌కతా అనే సైన్స్ పరిశోధన సంస్థలో అనిందితా భద్ర గారి బృందం ఏళ్లుగా వీధి కుక్కల మీదే పని చేస్తోంది. వాళ్లు 95 ఈతల్లో పుట్టిన 364 పిల్లల్ని వెంబడి ఉండి గమనించారు. సంతానం కనే వయసుదాకా, అంటే ఏడు నెలలదాకా, మిగిలింది 19 శాతమే. చావుల్లో 63 శాతానికి మనుషులే కారణం, బండ్ల కింద పడటం, కొట్టడం, ఎత్తుకుపోవడం వగైరా. 2016లో వచ్చింది ఆ పేపర్. భయపెట్టడానికి కాదు, మెట్ల కింద జాగా, గేటు ఉండటం ఎంత పెద్ద విషయమో చెబుదామని.

ఇంకో తమాషా. పాలు మాన్పించే రోజుల్లో పిల్లలు పక్క తల్లుల దగ్గరికి పోయి దొంగతనంగా తాగడం కూడా వాళ్లు చూశారు. మీ గల్లీలో పాలిచ్చే కుక్క ఇంకొకటి ఉంటే గమనించండి.


కుట్టుమిషన్_హన్మకొండ (జనవరి 3)

ఒక విషయం చెప్పకుండా ఉండలేకపోతున్నాను. నా మిషన్ మోటార్ పెట్టింది, గట్టిగానే మోగుతుంది. మెట్లకూ మిషన్‌కూ మధ్య ఒక్క కిటికీ. పుట్టినప్పటి నుంచీ ఆ మోత పక్కనే పడుకున్నాయి, ఏ రోజూ పట్టించుకోలేదు. మొన్న పొద్దున పెడల్ తొక్కగానే ఫాల్ ఉలిక్కిపడి లేచింది. మళ్లీ ఆపి తొక్కాను. మళ్లీ తల ఎత్తింది. సాయంత్రానికి హుక్కు, లైనింగ్ కూడా. గుండీ మాత్రం నిన్న రాత్రికి. అంటే ఇన్నాళ్లూ వాటికి చెవులే తెరుచుకోలేదన్నమాట! నేనేమో మా మోతకు అలవాటు పడ్డాయి, బుద్ధిమంతులు అనుకుంటున్నాను.

ఇవాళ మిషన్ ఆపితే లేస్తున్నాయి, నడిపితే పడుకుంటున్నాయి.

నడక మొదలైంది. దాన్ని నడక అనాలో వద్దో. లైనింగ్ ముందుకు పోదామని కాళ్లు వేస్తే వెనక్కి పోతోంది. వెనక సిలిండర్‌కు తగిలి, అదెవరో కొట్టినట్టు తిరిగి చూస్తుంది. హుక్కు తోక ఊపింది, మొదటిసారి. ఎవరిని చూసో కాదు, పైపింగ్ చెవి నములుతూ.

పడుకునే గుడ్డ తడపకుండా అంచుదాకా పాక్కుంటూ పోయి పోస్తున్నాయి. ఎవరు నేర్పారో.

అడగాల్సినవి రెండు. నట్టల మందు వేయించమన్నారు మా వదిన, ఇంత చిన్నవాటికి వేస్తారా? తిండి ఎప్పుడు మొదలుపెట్టాలి? కర్రి ఇప్పుడు పడుకుని ఇవ్వట్లేదు, నిలబడే ఇస్తోంది, పిల్లలు వేలాడుతున్నాయి. గుండీకి అందట్లేదు.


రిటైర్డ్_కాంపౌండర్ (జనవరి 3)

వేస్తారమ్మా, రెండు వారాలకే మొదలుపెట్టాలి. ఏలికపాములు కడుపులో ఉండగానే తల్లి నుంచి వస్తాయి, కొంకిపురుగులు పాల నుంచి వస్తాయి. తల్లి బయటికి ఎంత ఆరోగ్యంగా కనబడినా సరే. పైరాంటెల్ ద్రవం ఇస్తారు, బరువును బట్టి డోసు, మీరు రాసుకున్న కాంటా లెక్క ఇక్కడ పనికొస్తుంది. రేపే ప్రభుత్వ దవాఖానకు పోయి అడగండి. ఆ తర్వాత రెండు వారాలకోసారి ఎనిమిది వారాలదాకా, తల్లికి కూడా వాటితోపాటే. పాలు తాగాక పొట్ట ఉబ్బితే తప్పులేదు. పొద్దున్నే ఖాళీ కడుపుతో కూడా డొల్లగా ఉబ్బి, వెన్నుపూస తేలి, బొచ్చు గరుకుగా ఉంటే అవి పురుగులు. చిగుళ్లు వెనక్కి తీసి చూడండి, తెల్లబడితే ఆలస్యం చేయొద్దు. ఆ పురుగులు మనుషుల పిల్లలకూ వస్తాయి, ఎత్తుకున్న పిల్లలందరి చేత సబ్బుతో చేతులు కడిగించండి.

కర్రి నిలబడి ఇస్తోందంటే పళ్లు వచ్చాయని. మూడో వారం దాటాక పాలపళ్లు మొదలవుతాయి, ఎనిమిది వారాలకు 28 నిండుతాయి. సూదుల్లాంటి పళ్లు, పడుకుని ఇమ్మంటే ఏ తల్లి ఇస్తుంది? తిండి వచ్చే వారం మొదలుపెట్టండి. మెత్తటి అన్నం, ఉడికించి మెదిపిన చికెన్, దాని నీళ్లు, పల్చగా లోతులేని పళ్లెంలో. గుండీకి విడిగా. పెరుగన్నం కొంచెం పెట్టవచ్చు, పాలకన్నా నయం. పళ్లెంలో ముందు నడుస్తాయి, తర్వాత తింటాయి. ఎవరికీ సాయం చేయకండి, కర్రే వచ్చి నాకి శుభ్రం చేస్తుంది. అది బయట తిని వచ్చి పిల్లల ముందు కక్కితే అసహ్యించుకుని కడిగేయకండి, అది వాటికి పెట్టిన బువ్వే.

ఒకటి జాగ్రత్త. ఈ రెండు మూడు వారాలే తల్లికి కష్టకాలం. కర్రి వగరుస్తూ, స్థిమితం లేకుండా తిరుగుతూ, కాళ్లు బిగుసుకుని వణికితే కాల్షియం పడిపోయిందని. గంటల్లో ప్రాణం పోతుంది, ఆటో ఎక్కించడమే.


కుట్టుమిషన్_హన్మకొండ (జనవరి 18)

పండగ అయిపోయింది. బ్లౌజులన్నీ ఇచ్చేశాను, నడుము ఇంకా నాది కాదు.

మందు వేయించాను. మర్నాడు ఏం కనబడిందో రాయను, తినేవాళ్లు ఉంటారు. సార్ చెప్పినవి రెండు రకాల్లో ఒకటి నిజమేనని తేలింది.

ఇప్పుడు గేటు దాకా పరుగులు, ఒకదాన్నొకటి కొరుక్కోవడం, అరుపులు. ఫాల్ గట్టిగా కరిస్తే హుక్కు కీచుమని అరిచి ఆట మానేసి పోతుంది, ఫాల్ నోరు తెరిచి నిలబడిపోతుంది. మూడు రోజుల కిందటి కన్నా ఇప్పుడు మెల్లగా కరుస్తోంది, నా వేలు మీదే చూశాను. పతంగుల మాంజా గల్లీ నిండా పడి ఉంది, పైపింగ్ కాలికి చుట్టుకుంది. కత్తెర చేతిలోనే ఉంటుంది కాబట్టి సరిపోయింది, కోసుకుపోలేదు. గల్లీలో పిల్లలందరి చేత మాంజా ఏరించాను, ఒక్కో గుప్పెడుకు ఒక సకినం.

గుండీ కిలోన్నర దాటింది. మిగతావాటికన్నా నాలుగైదు రోజులు వెనకే నడుస్తుంది ప్రతిదానికీ. అవి మెట్టు ఎక్కిన వారానికి ఇది ఎక్కింది. కానీ ఎక్కింది.

లైనింగ్ లేదు. పండగ మర్నాడు పొద్దున చూస్తే నాలుగే ఉన్నాయి. రాత్రి ఎవరో ఎత్తుకుపోయారు. గేటు గొళ్లెం తీసి ఉంది. కర్రి ఆ రోజంతా గల్లీ తిరిగింది. మగపిల్ల, లావుగా, గోధుమరంగు, అందరూ అడిగినది అదే. రెండు నెలలు నిండాక ఇస్తానని చెప్పినవాళ్లే ముగ్గురు ఉన్నారు. ఎవరు తీసుకుపోయారో తెలియదు, తెలిసినా గొడవ పడను. మందు ఇంకో రెండు డోసులు ఉందని, టీకా వేయించాలని మాత్రం చెప్పాలని ఉంది. గేటుకు తాళం తెచ్చాను.


బాల్కనీ_బౌబౌ (జనవరి 18)

అయ్యో అక్కా. ఐదు వారాలకే తల్లి నుంచి విడదీస్తే, కరవడం ఎంత గట్టిగా కరవాలో నేర్చుకోకుండానే పోతుంది. తర్వాత "ఈ కుక్క ఇంట్లో పిల్లల్ని కరుస్తోంది" అని రోడ్డు మీద వదిలేస్తారు. మీ గేటు మీద ఒక కాగితం అంటించండి, మందు తేదీలు, టీకా తేదీలు రాసి. తీసుకుపోయినవాళ్లు ఆ దారిన పోయేవాళ్లే అయి ఉంటారు, చదువుతారు.

టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటిది, పార్వో, డిస్టెంపర్ లాంటి జబ్బులకు కలిపి వేసేది. మూడు నాలుగు వారాలకోసారి 16 వారాలదాకా బూస్టర్లు. ఒక్కటి వేయించి ఆపితే లాభం లేదు, తల్లి పాల నుంచి వచ్చిన రక్షణ ఇంకా ఒంట్లో ఉంటే అది మొదటి టీకాను పనిచేయనివ్వదు. రేబిస్ టీకా మూడు నెలలకు. ఈలోపు ఏ పిల్ల గీరినా, కరిచినా చిన్నదేలే అనుకోవద్దు, సబ్బూ పారే నీళ్లతో 15 నిమిషాలు కడిగి సూది వేయించుకోవాల్సిందే.

ఇప్పటి నుంచి మూడు నెలల వయసు వరకు కొత్తవాటికి అలవాటు పడటానికి మంచి కాలం. గొడుగు, ప్రెషర్ కుక్కర్ విజిల్, గడ్డం ఉన్నవాళ్లు, బురఖా వేసుకున్నవాళ్లు, సైకిల్, అన్నీ దూరం నుంచి చూడనివ్వండి. మీ కస్టమర్లే చాలు.


కుట్టుమిషన్_హన్మకొండ (ఫిబ్రవరి 8)

ఎనిమిది వారాలు నిండాయి. నాలుగింటికీ మొదటి టీకా పడింది. ఫాల్ ఏడ్చింది, గుండీ బిస్కెట్ వాసన చూస్తూ ఉండిపోయింది.

కాగితం అంటించాను. ఎవరూ ఏమీ చెప్పలేదు, కానీ కింద మందు తేదీ ఉన్న ముక్క ఎవరో చింపి తీసుకుపోయారు. పిల్లలు చింపారేమో కూడా.

కర్రి ఇప్పుడు పిల్లలు పాలకు వస్తే గుర్రుమంటోంది. పార్శిల్ డబ్బా పైకెక్కి పడుకుంటుంది, అందకుండా. దాని ఆపరేషన్‌కు మాట్లాడాను, పాలు పూర్తిగా ఆగాక మార్చిలో తీసుకురమ్మన్నారు.

ఫాల్‌ను మగపిల్ల కాబట్టి కాజీపేటలో ఒక రైల్వే కుటుంబం అడిగింది, ఇల్లు చూసి వచ్చి ఇచ్చాను. గుండీ ఎక్కడికీ పోదు, మా అత్తమ్మ కాళ్ల దగ్గరే పడుకుంటోంది, ఆమెను అడిగే ధైర్యం నాకు లేదు. ఓనర్ ఆంటీ ఒక్కదానికి ఒప్పుకుంది, అది కూడా చెప్పుల స్టాండ్ మెట్ల కిందకు తిరిగి రావాలనే షరతు మీద.

హుక్కు, పైపింగ్ మిగిలాయి. ఇద్దరూ ఆడపిల్లలు. అడిగినవాళ్లందరూ మగది లేదా అని ఫోన్ పెట్టేస్తున్నారు. ఆరు నెలలకు ఆపరేషన్ ఖర్చులో సగం నేను పెట్టుకుంటాను, పడుకునే పరుపు నేనే కుట్టి ఇస్తాను, జిప్పు కవర్‌తో. హన్మకొండ, వరంగల్, కాజీపేట వైపు ఇల్లు ఉన్నవాళ్లు మెసేజ్ పెట్టండి. గొలుసుతో కట్టేసి ఉంచేవాళ్లు వద్దు. మగపిల్ల ఉందా అని అడగడానికైతే అస్సలు వద్దు.